ఊదా చీటీ

మా ఆయన మాట్లాడడం మానేసి నలభై ఏడు రోజులైంది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో "ఈయన కాసేపు నోరు మూసుకుంటే బాగుండు" అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు. ఆ కోరికలన్నీ దేవుడు ఒకచోట దాచి ఒకేసారి తీర్చేశాడేమోనని నాకు భయం పట్టుకుంది.

ఆయన బళ్ళో సంగీతం మాస్టారు. మా పేట క్రైస్తవులందరిదీ ఒకటే విచారణ, ఆ విచారణ గుడిలో ఇరవై ఆరేళ్ళుగా గాయక బృందాన్ని నడిపేదీ ఆయనే. బడి పిల్లలూ, గుడిలో పెద్దలూ, చివరికి పాత ఫాదర్ గారు కూడా "మాస్టారూ" అనే పిలిచేవారు. జ్ఞానస్నానంలో పెట్టిన పేరు ఒకటుందని బ్యాంకువాళ్ళకీ, నాకూ, మా వదినకీ తప్ప ఇంకెవరికీ గుర్తుండదు. వదిన అంటే ఆయన అక్కగారే. గుడిలో ఆర్గన్ వాయించేది ఆవిడే.

ఎండాకాలం మొదట్లో ఆయన గొంతు బొంగురుపోయింది. డాక్టరమ్మ గొట్టం పెట్టి చూసి, లోపల చిన్న కాయలాంటిది ఉందని చెప్పి, ఆపరేషన్ చేసి తీసేసింది. తీసినదాన్ని పరీక్షకు పంపింది. భయపడాల్సిందేమీ లేదని కాగితం వచ్చిన రోజు నేను ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. గండం గడిచిందనుకున్నాను.

పది రోజులు మౌనం, ఆ తరవాత కొద్దికొద్దిగా మాట్లాడాలి అని డాక్టరమ్మ చెప్పింది. పది రోజులు పోయాయి, ఇరవై పోయాయి. ఆయన నోరు విప్పలేదు. నెల తరవాత ఆవిడ మళ్ళీ చూసి, "పుండు పూర్తిగా మానింది మాస్టారూ. ఇక మాట్లాడాలి. వాడకుండా కూర్చుంటే గొంతుకు బద్ధకం అలవాటవుతుంది" అంది. ఆయన బుద్ధిగా తలూపి ఇంటికొచ్చి పలక తీశారు.

బళ్ళోంచి తెచ్చుకున్న చిన్నపిల్లల పలక అది. నలభై ఏడు రోజులూ మా కాపురం దాని మీదే సాగింది. కోపం వస్తే గీత కింద గీత పెట్టేవారు. మూడు గీతలొచ్చాయంటే ఆ రోజుకు సుద్దముక్క విరిగినట్టే. మాటకు మాట అనే మొగుడితో పోట్లాట ఎలాగో నాకు తెలుసు. పలక తుడిచేదాకా ఆగి, రాసేదాకా ఆగి, చదివి పోట్లాడాలంటే సగంలోనే నీరసం వచ్చేది.

"మాట్లాడొచ్చని డాక్టరమ్మే చెప్పింది కదండీ, ఒక్క మాట అనండి. నన్ను తిట్టండి పోనీ" అని ఒకరోజు బతిమాలాను. ఆయన చాలాసేపు సుద్దముక్క పట్టుకుని కూర్చున్నారు. తరవాత "అని చూస్తే, రాకపోతే?" అని రాశారు. కింద గీత ఏమీ పెట్టలేదు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఈలోగా ఆకులు రాలడం మొదలైంది. ఎండాకాలం రెండు నెలలూ మా గుడి సగం నిద్రలో ఉంటుంది. పాటలుండవు, పిల్లల ఉపదేశం తరగతులుండవు, ఆదివారం పూజకు సగం బెంచీలు ఖాళీ. చలిగాలి తిరిగేసరికి అందరూ వచ్చి పడతారు. పిల్లల్ని తరగతుల్లో చేర్చడం, కిటికీల సందులకు గుడ్డలు కుక్కడం, ఇత్తడి దీపస్తంభాలు తోమడం, గుడిలో పని ఒకటా రెండా. నేను బట్టలు కుట్టేదాన్ని కాబట్టి నాకు ఇంటి దగ్గరా పని ఎక్కువే. పోయినేడు తొడుక్కున్న కోటు ఈ ఏడు పట్టదని ఒక్కొక్కరూ తెచ్చి మిషను పక్కన పడేస్తారు. కోటు కుంచించుకుపోయిందనే అందరూ అంటారు, నేను వదులు చేసి ఇస్తాను.

ఈసారి కాలంతోపాటు కొత్త ఫాదర్ గారు కూడా వచ్చారు. కుర్రాయన. వచ్చి పది రోజులే అయింది. ఈ కాలం మొదటి ఆదివారం పూజ ఘనంగా జరగాలని, గాయక బృందం పూర్తిగా ఉండాలని కబురు పంపారు. మాస్టారికి ఒంట్లో బాగాలేదని తెలుసుగానీ, ఏమిటో ఎంతో ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

శనివారం మధ్యాహ్నం మా ఆయన ఒక కాగితం తెచ్చి నా మిషను మీద పెట్టారు. పలక కాదు, కాగితం. గుండ్రటి అక్షరాలతో ఫాదర్ గారికి రాసిన ఉత్తరం. ఇరవై ఆరేళ్ళు సేవ చేశాను, ఇక నా చేత కాదు, రేపటి పూజ తరవాత బాధ్యత మా అక్కగారికి అప్పగిస్తున్నాను అని. నా కాళ్ళు తొక్కుడుపలక మీదే ఆగిపోయాయి.

"బడి మాటేమిటి? నెలాఖరుకు సెలవు అయిపోతుంది. వాళ్ళకీ ఇలాంటిదే రాస్తారా?"

ఆయన మొహం తిప్పుకున్నారు. అంటే రాయడం అయిపోయిందన్నమాట.

నాకు ముక్కు మీద కోపం. మామూలప్పుడైతే ఇల్లు ఎగిరిపోయేది. ఆరోజు మాత్రం ఉత్తరం మడిచి ఆయన చేతికే ఇచ్చి, గుడి పీఠం మీద పరచడానికి అంచు కుట్టిన కొత్త గుడ్డ సంచిలో పెట్టుకుని, చీపురు తీసుకుని గుడికి పోయాను. గుడి ముందు ఊడ్చే వంతు ఆ వారం నాదే. ఊడ్చినకొద్దీ ఆకులు పడుతూనే ఉన్నాయి. ఆ కోపమంతా చీపురు మీదే చూపించాను. దీపాల తాత తలుపు సందులోంచి తొంగి చూసి, "అమ్మాయ్, రాళ్ళు కూడా లేచొచ్చేట్టున్నాయి, కాస్త మెల్లగా" అన్నాడు. గుడిలో దీపాలు వెలిగించేదీ, తలుపులు వేసేదీ ఆయనే. ఎనభైకి దగ్గరపడ్డా అన్నీ ఆయనకే తెలియాలి.

మా గుడి వరండాలో ఒక చెక్కపెట్టె ఉంటుంది. దాని పక్కన రెండు కట్టల చీటీలు. జబ్బుపడ్డవాళ్ళ కోసం, పరీక్షల కోసం, ప్రయాణాల కోసం, అంటే బతికున్నవాళ్ళ కోసం తెల్ల చీటీ. చనిపోయినవాళ్ళ ఆత్మశాంతికి ఊదా చీటీ. పేరు రాసి పెట్టెలో వెయ్యాలి, కావాలంటే తెల్లదాని మీద కారణం కూడా రాయొచ్చు. ఆదివారం పూజలో ముందు తెల్లవి చదువుతారు, తరవాత ఊదావి.

మా ఆయన ఈ విషయంలో ముందే కట్టడి చేశారు. "గుడిలో నా గొంతు కోసం చీటీ వేశావంటే" అని పలక మీద మూడు గీతలు పెట్టారు. పేరు చదివితే విచారణలో సగంమంది పరామర్శకు వస్తారని ఆయన బాధ. నలభై ఏడు రోజులు ఆ మాట జవదాటలేదు నేను. ఆ సాయంత్రం మాత్రం ఆగలేకపోయాను. నాకొక తెలివైన ఆలోచన కూడా వచ్చింది. మాస్టారు అని రాయకుండా జ్ఞానస్నానం పేరు రాస్తే ఎవరు కనిపెడతారు? కొత్త ఫాదర్ గారికి తెలియదు. జనానికి గుర్తు లేదు. దేవుడికి తెలిస్తే చాలు.

అప్పుడే చీకటి పడుతోంది. చేతులు చలికి కొంకర్లు పోతున్నాయి. ఒక చీటీ లాగి పేరు ఒక్కటే రాసి, ఎవరైనా చూస్తారేమోనని గబుక్కున పెట్టెలో పడేశాను. మనసు కొంచెం తేలికపడింది. ఇంటికెళ్ళి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

ఆదివారం పొద్దున గుడి కిటకిటలాడింది. రెండు నెలలుగా కనబడని మొహాలన్నీ వచ్చాయి. గాయక బృందం వెనకవైపు పైన బాల్కనీలో కూర్చుంటుంది. నేను కింద బెంచీలో కూర్చుని మెడ తిప్పి తిప్పి చూస్తున్నాను. మా ఆయన ముదురు నీలం కోటు వేసుకుని నిలబడ్డారు. ఉత్తరం ఆ కోటు లోపలి జేబులోనే ఉంది. పూజ అయ్యాక ఒక్క నిమిషం కలవాలని దీపాల తాత చేత ఫాదర్ గారికి ముందే కబురు కూడా పెట్టించారు.

మొదటి పాట అంతంతమాత్రంగా నడిచింది. మామూలుగా ఆయన మెల్లగా గొంతెత్తి శ్రుతి ఇస్తే అందరూ అందులో కలుస్తారు. ఈసారి వదిన ఆర్గన్ మీద శ్రుతి ఇచ్చింది, ఆయన చెయ్యి ఊపారు. ఆడవాళ్ళు ముందు పోయారు, మగవాళ్ళు వెనకబడ్డారు. రెండో చరణానికి గాని కలుసుకోలేదు. 

ఫాదర్ గారు ఆకుల మీద ప్రసంగం చేశారు. రాలడం అంటే పోవడం కాదని, చెట్టు కొత్త ఏడుకు సిద్ధపడడమని, గుడికి ఇదే అసలైన కొత్త సంవత్సరమని చెప్పారు. బాగానే చెప్పారు. కొత్తగా వచ్చిన ఫాదర్లందరూ ఆకుల మీదే చెబుతారు, ఒక వారం ఊడ్పించాక చెప్పమంటే ఇంకోలా చెబుతారేమో.

ఆ తరవాత చీటీలు మొదలయ్యాయి. ముందు తెల్లవి. ఎవరిదో మోకాలి నొప్పి, ఎవరి కూతురికో ఉద్యోగం, ఎవరికో కవలలు. ఒక్కొక్క పేరుకూ చెవులు రిక్కించి వింటున్నాను. మా ఆయన పేరు రాలేదు. తెల్ల చీటీలు అయిపోయాయి. దీపాల తాత కళ్ళజోడు లేకుండా పెట్టె తెరిచి నా చీటీ ఎక్కడో పారేశాడని ఆయన మీద పళ్ళు నూరాను. కాసేపటికి పోన్లే అనిపించింది. చదవకపోతే ఆయన మాట నేను జవదాటినట్టూ ఇంట్లో తెలియదు. తల వంచుకుని దండం పెట్టుకున్నాను.

ఫాదర్ గారు ఊదా కట్ట తీశారు. మొట్టమొదటి పేరే మా ఆయనది.

 అప్పుడు గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళుగా ప్రతి శనివారం నేను మా అమ్మకూ, నాలుగేళ్ళుగా మా అత్తగారికీ చీటీలు రాస్తున్నాను. ఊదా కట్ట కుడివైపు ఉంటుంది. ఇన్నేళ్ళలో నా చెయ్యి ఎడమవైపు వెళ్ళిందే లేదు. ఆ మసక చీకట్లో చెయ్యి దాని అలవాటు కొద్దీ అది పోయింది, బతికున్న మొగుణ్ణి తీసుకెళ్ళి మా అత్తగారి పక్కన పడుకోబెట్టింది.

పైనుంచి ఆర్గన్ ఒక్కసారి బర్రుమంది. వదిన మోచెయ్యి దాని మెట్ల మీద పడ్డట్టుంది. జనంలో ఎవరూ కదల్లేదు, వాళ్ళకు ఆ పేరు ఎవరిదో తెలియదు. పాపం ఎవరో పెద్దాయన పోయినట్టున్నాడని నా పక్కావిడ శిలువ గుర్తు కూడా వేసుకుంది.

ఊదా చీటీల్లో ఒక్కొక్క పేరుకూ గాయక బృందం జవాబు పాడాలి. ఈ ఆత్మకు నిత్య విశ్రాంతిని దయచేయండి అని. ఆ పాట ఎత్తుకోమని చెయ్యి ఊపాల్సింది మా ఆయనే. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన చెయ్యి పైకి లేచి ఉంది. గాయకులందరి కళ్ళూ ఆ చేతి మీదే ఉన్నాయి. చెయ్యి దిగలేదు. ఫాదర్ గారు ఆగారు. గుడంతా ఆగింది. ఆయన మొహం కిందనుంచి నాకు సరిగా కనబడలేదు, కోటు భుజాలు మాత్రం కనబడ్డాయి. ఇక్కడ లేచి తప్పు నాదని అరవనా అనుకున్నాను. ముందు బెంచీ పట్టుకుని సగం లేచాను.

అప్పుడు వినబడింది. ముందు గాలి ఒక్కటే వచ్చింది. తరవాత బరబరమని ఏదో. తరవాత మాట.

"ఫాదర్... నేనింకా పోలేదండీ."

జనమంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు. ఫాదర్ గారు చీటీ చేత్తో పట్టుకుని పైకి చూశారు. "ఎవరండీ మాట్లాడింది?"

"నేనే ఫాదర్. మీరు చదివిన పేరు నాదే." ఈసారి ఇంకొంచెం తేటగా వచ్చింది. ఆయన ఒక్క గుటక మింగారు. "నిత్య విశ్రాంతి అప్పుడే వద్దు. మంగళవారం ప్రాక్టీసు ఉంది."

నవ్వు ముందు వెనక బెంచీల్లో మొదలై పీఠం దాకా పాకింది. గాయకుల్లో ఒకావిడ నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. మాస్టారు మాట్లాడారు అని ఎవరో గట్టిగానే అన్నారు. మా ఆయన చెయ్యి గొంతు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. మాట్లాడింది తనేనని అప్పటిగ్గాని ఆయనకు తెలిసినట్టు లేదు. నేను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాను. సిగ్గుతో దాచుకున్నానని జనం అనుకుని ఉంటారు. నిజానికి నాకు సిగ్గు ఎక్కడా లేదు. ఆ గొంతు విన్నాక ఎవరేమనుకున్నా పట్టేట్టు లేదు నాకు.

కొత్త ఫాదర్ గారి చెవులు ఎర్రబడ్డాయి. కుర్రాయనే అయినా బుర్ర చురుకు. చేతిలో ఉన్న ఆ ఊదా చీటీని తెల్ల కట్ట మీద పెట్టారు. "అయితే ఈ పేరు మళ్ళీ చదువుదాం. మన మధ్య బతికున్నవారి కోసం" అని మా ఆయన పేరు రెండోసారి చదివారు. గుడంతా ఒక్క గొంతుతో ప్రార్థించింది. నలభై ఏడు రోజులు నేను ఒక్కదాన్నే గొణుక్కున్న ప్రార్థన అంతమంది నోట వినేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

కానుకల పాట వచ్చింది. వదిన ఎప్పటి శ్రుతిలోనే మొదలుపెట్టింది. మా ఆయన మెల్లగా అందుకోబోయి ఆగిపోయారు. పై స్వరం దగ్గర గొంతు పలకలేదు. మళ్ళీ మూగనోము పడతారేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"అక్కా," అన్నారు పైనుంచి. మైకు లేకపోయినా కింద దాకా వినబడింది. "శ్రుతి రెండు మెట్లు దించి వాయించు."

వదిన దించింది. ఆయన శ్రుతి ఇచ్చారు. అది పాత గొంతు కాదు. పాత గొంతు సన్నగా, నిటారుగా ఉండేది. ఇది మందంగా ఉంది, అడుగున కాస్త ఇసుక తగిలినట్టు ఉంది. కానీ నిలిచింది. మగవాళ్ళు దానిలో కలిశారు, ఆడవాళ్ళు కలిశారు. ఈసారి ఎవరూ ముందు పోలేదు.

పూజ అయ్యాక వరండాలో నేను ఫాదర్ గారి ముందుకెళ్ళి, "తప్పు నాదండీ. ఊదా చీటీ రాసింది నేనే. చేతికి అలవాటైపోయింది" అని ఒప్పేసుకున్నాను. పేరు అలా చదివినందుకు క్షమాపణ చెప్పడానికి ఫాదర్ గారు మాటలు వెతుక్కుంటుంటే మా ఆయన దిగివచ్చారు. వెనకాలే వదిన కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

"మాస్టారూ, నాతో ఏదో మాట్లాడాలని తాత చెప్పాడు" అన్నారు ఫాదర్ గారు.

మా ఆయన చెయ్యి కోటు లోపలి జేబుదాకా వెళ్ళింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. ఖాళీగా బయటికొచ్చింది.

"అదే ఫాదర్... ప్రాక్టీసు గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడుగుదామని."

"నీ దగ్గరే కదరా, ఇరవై ఆరేళ్ళుగా" అంది వదిన.

"ఓహో, అవును కదూ" అన్నారాయన.

ఇంటికి ఇద్దరమే బయల్దేరాం. గుడి మలుపు దాటేదాకా ఆయన ఏమీ అనలేదు. నాకు మళ్ళీ భయం వేసింది. ఎవరి ఇంటి ముందో చిన్న పిట్టగోడ ఉంటే దాని మీద కూలబడ్డాను. ఆయన నా ముందు నిలబడ్డారు.

"చీటీ వెయ్యొద్దన్నానా లేదా?"

"అన్నారు."

"వేసినదానివి రంగు చూసుకోనక్కర్లేదా? బతికున్నవాణ్ణి పట్టుకుని... ఆ పక్కావిడ శిలువ గుర్తు వేసుకోవడం నేను పైనుంచి చూశాను. నా చేత్తో నేనే నా ఆత్మశాంతికి పాట ఎత్తుకోవాలా? ఇరవై ఆరేళ్ళలో ఎవరికైనా ఇలాంటి గతి పట్టిందా?"

"లేదండీ" అన్నాను. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"మరి ఏడుపెందుకు? తిట్టమని నువ్వేగా బతిమాలావు."

"మీరు తిట్టండి. నేను ఏడుస్తాను. ఎవరి పని వాళ్ళు చేసుకుందాం."

ఆయన నవ్వబోయి దగ్గారు. మంచినీళ్ళు తాగాలి, పదమన్నారు. మళ్ళీ అందుకున్నారు. ఎండాకాలమంతా కిటికీ రెక్క బాగుచేయించలేదని, పలక మీద తాను రాసింది పూర్తిగా చదవకుండానే తుడిచేసేదాన్నని, నిద్రలో గురక పెడతానని, నలభై ఏడు రోజులు దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే తీశారు. మధ్యలో గొంతు పట్టేస్తే ఆగి, మళ్ళీ మొదలుపెట్టేవారు. బడికి రాసిపెట్టిన ఉత్తరం చించేసి, రేపే వెళ్ళి సెలవు రద్దు చేయించుకుంటానన్నది కూడా ఆ తిట్లలోనే ఎక్కడో దొర్లింది.

నాలుగు వీధులు కలిసేచోట ఎడమకు తిరిగితే మా ఇల్లు అయిదు నిమిషాలు. నేను తిరగలేదు, తిన్నగా సాగే చుట్టుదారి పట్టాను. దారి తప్పానని కూడా తిడుతూ ఆయన నా వెనకే వచ్చారు.